అచ్చు, మూలము, ప్రతి: కృష్ణారెడ్డి ముద్రాచిత్రములు – ఒక పరిశీలనము

తెలుగున ‘అచ్చు’ అను మాటకు అర్థములు పెక్కు గలవు. వ్యాకరణమున అది స్వరము. ఆ యర్థము సంస్కృత ప్రత్యాహారమునుండి వచ్చినది గావున దానితో నిచట పని లేదు. కంచరికి అచ్చు మూస. కలంకారి అద్దకమువానికి అది చెక్కిన కొయ్యదిమ్మ. గ్రంథకర్తకు తన పుస్తకము లోకమునకు చేరు మార్గము. ఇన్నింటికిని సామాన్యమైన భావము ‘అచ్చు గ్రుద్దినట్లు’ అను పలుకుబడిలో నిలిచియున్నది. కొడుకు అచ్చు గ్రుద్దినట్లు తండ్రివలె నున్నాడనినచో ఇద్దరి నడుమ భేదము గోచరింపదని తాత్పర్యము.

ఈ పలుకుబడి వెనుక ఒక సిద్ధాంతము దాగియున్నది. మూలము ఒక్కటి; ప్రతులు అనేకములు. ప్రతి మూలమును ఎంత పోలిన అంత మేలు. ఎంత పోలినను అది ప్రతియే. చిత్రమన చేతితో లిఖించినది, అచ్చన దానికి నకలు అను భావము ఇందుండియే పుట్టినది. మన విమర్శలో వర్ణచిత్రమునకును శిల్పమునకును లభించిన యాదరము ముద్రాచిత్రమునకు లభింపకపోవుటకు ఈ భావమే ప్రధానకారణమని తోచుచున్నది. పూర్వపు చిత్తూరు జిల్లాలో జన్మించి, మదనపల్లె సమీపమున విద్య నేర్చి, ప్రపంచ ముద్రాచిత్రకళలో నొక ప్రధానస్థానమును పొందిన నందనూరు కృష్ణారెడ్డిగారి (1925–2018) కృషిని పరిశీలించినచో ఈ సిద్ధాంతము నిలువదని స్పష్టమగును. ఆ పరిశీలనమే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఇట్టి విషయమునకు తెలుగు శాఖవారి పరిశోధన పత్రికలో చోటెందులకని ఎవరైన నడుగవచ్చును. దానికి సమాధానము సులభము. మూలము, ప్రతి, ప్రత్యంతరము, పాఠభేదము – ఇవి మన నిత్యవ్యవహారములోని మాటలు. తాళపత్రప్రతులను సరిచూచి గ్రంథమును పరిష్కరించువాడు ప్రతియన నేమో, మూలమన నేమో ఆలోచింపక అడుగు వేయలేడు. శాసనపాఠమును పఠించువాడు మఱియొక విధమున ఈ ప్రశ్ననే ఎదుర్కొనును. అందువలన ముద్రాచిత్రముయొక్క స్వభావమును నిర్ణయించుటకు చిత్రకారునకెంత అర్హత గలదో సాహిత్య విద్యార్థికిని అంత యర్హత గలదు.

శాసనములనుండియే ఆరంభింతము. మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో వైదుంబరాజుల కాలపు శాసనములు, వీరగల్లులు దొరకినవి. పరిశోధకుడు అట్టి రాతి కడకు పోయి చేయు పని యేమి? మొదట రాతిని నీటితో కడిగి కుంచెతో శుభ్రపఱచును. తడిపిన కాగితమును దానిపై పఱచి, బిరుసు కుంచెతో కొట్టి, కాగితము అక్షరముల పల్లములలోనికి దిగునట్లు చేయును. కాగితము కొంత ఆరిన పిదప మసితో జేసిన సిరాను మెత్తతో దానిపై అద్దును. సిరా ఎత్తైన భాగములకు మాత్రమే అంటును. పల్లములో నున్న యక్షరములు తెల్లగా నిలుచును. వీరగల్లుపై నుబ్బెత్తుగా చెక్కిన వీరుని యాకృతి నల్లగా పడును. దాని క్రింద తొలిచిన లిపి తెల్లగా పడును. ఒకే రాతిలోని రెండు మట్టములు ఒకే కాగితముపై రెండు విధముల పలికినవి. శాసనశాఖవారు దీనిని నకలనియే వ్యవహరింతురు. కాని పద్ధతిని బట్టి చూచినచో ఇది ముద్రాచిత్రమునకు అతిసన్నిహితమైన బంధువు.

ముద్రాచిత్ర విధానములను నాలుగు తెగలుగా విభజింపవచ్చును. ఎత్తైన భాగమునకు సిరా పట్టించి ఒత్తునది ఉబ్బెత్తుముద్ర. కొయ్యదిమ్మ, లినోలియము ఈ తెగకు చేరును. పల్లములో సిరా నింపి, పైభాగమును శుభ్రముగా తుడిచి, తడి కాగితమును యంత్రపు ఒత్తిడితో ఆ పల్లములలోనికి దింపి సిరాను పైకి లాగునది నిమ్నముద్ర. రాగి, జింకు రేకులపై ఉలితో చెక్కియో, ఆమ్లముచే తినిపించియో చేయునవి ఈ తెగలోనివి. నూనెకును నీటికిని గల వైరమును ఆధారముగా గొని సమతలమైన సున్నపురాతినుండి తీయునది శిలాముద్ర. బట్ట రంధ్రములగుండా రంగును పంపునది జాలముద్ర. తామ్రశాసనపు రేకును చూచినవారికి నిమ్నముద్రయొక్క ఫలకము క్రొత్త వస్తువు గాదు. భేదమొక్కటే. తామ్రశాసనమును నేరుగా చదువుదురు. నిమ్నముద్రయందు రేకు చదువుటకు గాదు. అది తలక్రిందైన భాష పలుకును. కాగితముపై పడినప్పుడు మాత్రమే అర్థవంతమగును.

ఇక భారతదేశమున ఈ కళ నడచిన దారిని సంగ్రహముగా స్మరింపవలెను. 1556లో గోవాకు ముద్రణయంత్రము వచ్చినది మొదలు చిరకాలము అచ్చు గ్రంథమునకును మతప్రచారమునకును సేవకురాలుగా నుండెను. పందొమ్మిదవ శతాబ్దమున కలకత్తాలోని బటతలా వీథులలో కొయ్యచెక్కడపు బొమ్మలు చౌకగా అమ్ముడుపోయెను. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో జర్మను నిపుణుల సాయమున శిలాముద్రణాలయమును నెలకొల్పిరి. ఆ లక్ష్మీసరస్వతుల పటములు తెలుగునాట పూజామందిరములలోనికి చేరినవి. పద్ధతి విషయమై యిచట నొకటి గమనింపవలెను. రవివర్మ పటమునకు మూలము వేఱుగా గలదు, అది తైలవర్ణచిత్రము. దానిలోని రంగులను విడదీసి, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిని సిద్ధపఱచి, ఒకదానిపై నొకటి సరిగా పడునట్లు ఒత్తుదురు. రాళ్ళెన్నియైనను వాని కర్తవ్యము మూలమును పోలుటయే. అనగా ‘అచ్చు గ్రుద్దినట్లు’ అను సిద్ధాంతము ఇచట సంపూర్ణముగా వర్తించును.

మార్పు వంగదేశమున వచ్చినది. 1915లో జోడాసాంకోలోని ఠాకూరుల యింట విచిత్రా సభ ఆరంభమైనది. గగనేంద్రనాథ ఠాకూరు తమ వ్యంగ్యచిత్రములను శిలాముద్రలుగా వెలువరించిరి. 1916లో రవీంద్రునితో జపాను, అమెరికాలకు వెళ్ళిన ముకుల్ దే షికాగోలో ఆమ్లముద్రను అభ్యసించిరి. 1930లో దండియాత్ర సందర్భమున నందలాల్ బోసు దండము చేతబట్టి నడచు గాంధీజీని లినోలియముపై చెక్కిరి. నల్లని నేలపై తెల్లని గీతలుగా నిలిచిన ఆ మూర్తికి తైలచిత్రమేదియు మూలము గాదు. లినోలియమును చెక్కిన యులియే ఆ గీతకు రూపమిచ్చినది. ఇచట అచ్చు నకలుగా నుండుట మానివేసినది. ఇది చిన్న మార్పు కాదు.

ఈ వంగదేశ కళోద్యమమునకును మదనపల్లెకును గల సంబంధము తెలిసినదే. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షులుగా నుండి, వంగచిత్రకారుల కృషిని దక్షిణదేశమునకు పరిచయము చేసిన విమర్శకులలో ప్రముఖులైరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఆయన యతిథిగా మదనపల్లెలో బస చేసి, ‘జనగణమన’ గీతమును ఆంగ్లీకరించిరి. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆశయముల ననుసరించి ఆ యూరికి సమీపమున ఋషీవ్యాలీ విద్యాలయము వెలసినది. చిత్తూరు చేరువనున్న నందనూరను గ్రామమున 1925లో జన్మించిన కృష్ణారెడ్డిగారు ఆ విద్యాలయమున చదివి, తరువాత శాంతినికేతనమునకు పోయి నందలాల్ బోసుకు శిష్యులైరి.

ఈ ఘటనలను వరుసగా పేర్చినప్పుడు కజిన్స్‌నుండి రవీంద్రునకు, రవీంద్రునినుండి కృష్ణారెడ్డికి ఒక సూటి బాట వేయవలెనను కోరిక సహజముగా కలుగును. విమర్శకుడు ఆ కోరికను అదుపులో నుంచుకొనవలెను. 1919లో మదనపల్లెలో జరిగినదానికిని, ఆఱు సంవత్సరముల తరువాత పుట్టిన బాలుని జీవితమునకును కార్యకారణసంబంధమును చూపుటకు ఆ సామీప్యమొక్కటియే చాలదు. చెప్పదగినదింతే: పట్టణములకు దూరమైన ఈ మెట్టసీమలో శాంతినికేతనమను పేరు అపరిచితము గాని వాతావరణమొకటి యుండెను. ఒక రైతుపల్లె బాలునకు చిత్రకళ జీవనమార్గముగా తోచుటకు అట్టి వాతావరణము తోడ్పడియుండుట సంభావ్యము. అంతకు మించినది ఊహ.

శాంతినికేతనము తరువాత కృష్ణారెడ్డిగారు మద్రాసు అడయారులోని కళాక్షేత్రమున కొంతకాలము చిత్రకళను బోధించిరి. 1949లో లండనుకు పోయి స్లేడ్ కళాశాలలో హెన్రీ మూరు వద్ద శిల్పము నభ్యసించిరి. పిమ్మట పారిసు చేరి జాడ్కిన్ అను శిల్పి వద్ద పనిచేసిరి. ఇచట గమనింపవలసినది, ఆయన ముద్రాచిత్రమునకు వచ్చినది శిల్పమునుండి. ఈ యొక్క విషయమును మఱచినచో ఆయన కృషిలో సగము అర్థము కాదు.

పారిసులో స్టాన్లీ విలియం హేటరు 1927లో నొక ముద్రాచిత్రశాలను స్థాపించిరి. అది 1930వ దశకమున పదునేడవ నంబరు ఇంట నడచుటచే ‘అటెలియే 17’ అను పేరు పొందినది. యుద్ధకాలమున, అనగా 1940లో, న్యూయార్కునకు తరలి, 1950లో తిరిగి పారిసునకు వచ్చినది. అచటి నియమము విలక్షణమైనది. అంతకుముందు చిత్రకారుడు బొమ్మ గీసి యిచ్చుటయు, పనివాడు దానిని రేకుపై చెక్కుటయు, మఱియొకడు ముద్రించుటయు వాడుకగా నుండెను. హేటరు చిత్రకారునే రేకు ముందు కూర్చుండబెట్టిరి. గీత యెటు పోవలెనో కాగితముపై ముందుగా నిర్ణయింపక, ఉలి రేకులో సాగుచుండగా కనుగొనవలెనని వారి బోధ. 1950వ దశకారంభమున కృష్ణారెడ్డిగారు ఈ శాలలో ప్రవేశించి, 1960వ దశకమున హేటరుతోపాటు దానికి సహనిర్వాహకులై, 1976లో న్యూయార్కునకు తరలువఱకును అచటనే యుండిరి.

ఆ శాలలో రూపొందిన బహువర్ణముద్రణ పద్ధతితో ఆయన పేరు ముడివడియున్నది. దీనిని వివరింపక విమర్శ ముందునకు సాగదు. రంగుల అచ్చునకు రంగునకొక దిమ్మయో రాయియో వలయునని పూర్వపు మర్యాద. జపాను కొయ్యచిత్రములకును రవివర్మ పటములకును ఇదియే మార్గము. ఈ క్రొత్త పద్ధతియందు రేకు ఒక్కటే. యంత్రమున నొత్తుటయు ఒక్కసారియే. అయినను రంగులు అనేకములు. ఇది యెట్లు సాధ్యము?

రేకును ఆమ్లముతోను, ఉలులతోను, గీకుడు పనిముట్లతోను ఎత్తుపల్లములు గల అనేక మట్టములుగా తొలుతురు. మొదట ఒక రంగును లోతైన గాళ్ళలో నింపి పైభాగమును తుడుతురు. తరువాత రెండు రోలర్లు వాడుదురు. ఒకటి గట్టిది, మఱియొకటి మెత్తనిది. గట్టి రోలరు ఎత్తైన భాగములను మాత్రమే తాకి పోవును. మెత్తని రోలరు పల్లములలోనికి కూడ దిగును. అయినచో రెండవ రంగు మొదటిదానిపై బడి కలిసిపోదా? కలియకుండుటకు మూలము స్నిగ్ధత. గట్టి రోలరుతో పూయు సిరాలో అవిసెనూనె యెక్కువ కలిపి పలుచన చేయుదురు. మెత్తని రోలరు సిరా చిక్కనిది. నూనెపొరపై చిక్కని సిరా అంటక జారిపోవును. నూనె తగులని పల్లములలో మాత్రము నిలుచును. ఈ విధముగా లోతునకొక రంగు, నడిమి మట్టమునకొక రంగు, ఎత్తునకొక రంగు తమ తమ చోటుల నిలిచి, ఒక్క ఒత్తుడుతో కాగితము నెక్కును.

వీరగల్లు నకలునందు ఎత్తు నలుపు, పల్లము తెలుపు. అచట మట్టములు రెండు, పలుకులు రెండు. కృష్ణారెడ్డిగారి రేకులో మట్టములు పెక్కు. ఒక్కొక్క మట్టమునకును తన రంగు గలదు. అనగా ఆయనకు వర్ణమనునది లోతుయొక్క పర్యాయపదము. చిత్రకారుడు రంగును పైన పూయును. ఈయన రంగు నిలువవలసిన చోటును ముందుగా తొలిచిరి. శిల్పి చేసిన పని యిది. ఆయన రేకులను తాకి చూచువానికి అవి స్వయముగా నొక అల్పోన్నత శిల్పమని తోచక మానదు.

ఈ పద్ధతికి కర్త యెవరు? పలువురు కృష్ణారెడ్డి యొక్కరే దీనిని కనిపెట్టిరని వ్రాయుట కలదు. కొందఱు హేటరునకే సర్వము నొసగుదురు. రెండును సరికావు. హేటరు చిరకాలమునుండి ఏకఫలక వర్ణముద్రణమునకై ప్రయత్నించుచుండిరి. స్నిగ్ధతాభేదముచే సిరాలను వేఱుపఱచు రహస్యము 1950వ దశకమున శాలలో బయల్పడినప్పుడు కృష్ణారెడ్డి, బొంబాయినుండి వచ్చిన కైకో మోతి (1921–1989) ఇరువురును అందు ప్రధానభాగస్వాములు. దానిని శాస్త్రముగా క్రమబద్ధము చేసి, శిష్యులకు బోధించి, 1988లో గ్రంథరూపమున ప్రకటించినవారు కృష్ణారెడ్డిగారు. ఒక కావ్యమునకు కవులు ముగ్గురైనప్పుడు మనము ఒక్కని పేరు మిగిల్చి తక్కినవారిని తుడిచివేయము, కవిత్రయ మనుచున్నాము. ఇచటను అట్టి న్యాయమే పాటింపవలెను. మనవాని కీర్తికి అది లోపము కాదు.

పద్ధతి యెంత విచిత్రమైనను అది కళకు హామీ కాజాలదు. కావున చిత్రములనే చూడవలెను. 1963 నాటి ‘సుడిగుండము’ను తీసికొందము. నీరు సుడి తిరుగుట దీనికి వస్తువు. నీటికి ఆకృతి లేదు. చలనమే దాని ఆకృతి. వర్ణచిత్రకారుడు కుంచెవిసురుతో చలనమును సూచించును. కృష్ణారెడ్డిగారు గాడుల వరుసలతో దానిని నిర్మించిరి. గాడులు అంచులనుండి నడిమికి తిరుగుచు దిగును. దిగుచున్నకొలది లోతు మాఱును. లోతు మాఱినకొలది రంగు మాఱును. చూపరి కన్ను రంగు వెంట పోవుచున్నాననుకొనుచు నిజమునకు లోతు వెంట పోవుచున్నది. నీటిసుడి చేయునదియు నదియే గదా! అందువలన ఈ చిత్రమున పద్ధతి వస్తువునకు అలంకారము కాదు. వస్తువు పద్ధతిలోనే యిమిడియున్నది. శబ్దార్థముల సాహిత్యమును గూర్చి ఆలంకారికులు చెప్పినది ఇచట రేకునకును రూపమునకును అన్వయించును.

1968 నాటి ‘ప్రదర్శకులు’ వేఱు జాతికి చెందినది. ఆ సంవత్సరము మే నెలలో పారిసు విద్యార్థులు వీథుల కెక్కిరి. కృష్ణారెడ్డిగారు అదే నగరమున నుండిరి. ప్రకృతిలోని కీటకములను, చేపలను, అలలను పరిశీలించుచున్న చేయి ఇచట మనుష్యసమూహమువైపు మఱలినది. అయినను ఆయన ఒక్కొక్క ముఖమును వర్ణింపలేదు. అలను నడపిన శక్తియే జనమును నడపుచున్నట్లు చూపిరి. ఇది గుణమా, లోపమా? రెండును. సమూహముయొక్క వేగము అద్భుతముగా అందినది. కాని ఆ వేగములో వీథిలో దెబ్బ తిన్న వ్యక్తి కనబడడు. ఆయన దృష్టి ఎల్లప్పుడును వ్యక్తిని దాటి శక్తిని వెదకునది. 1975 నాటి ‘ప్రాకుచున్న అపు’లో కన్నకుమార్తెను చిత్రించినప్పుడు సైతము ఆ ప్రాకుటలోని చలనము ఆయనకు ప్రధానమైనది. అయితే వాత్సల్యము ఆ చిత్రమునకు ‘ప్రదర్శకుల’లో లేని ఆర్ద్రతను సమకూర్చినది.

1980వ దశకమున రూపొందిన ‘మహావిదూషకుడు’ ఈ వ్యాసమునకు కీలకము. సర్కసు విదూషకుడు వలవంటి రేఖాజాలము నడుమ నిలిచియుండును. నవ్వించువాడే ఆ వలకు కేంద్రము. వాడే అందులో చిక్కినవాడు. ఈ రేకునుండి కృష్ణారెడ్డిగారు ఒకే విధమైన ప్రతులను తీసి తృప్తిపడలేదు. సిరాలను మార్చి, వాని స్నిగ్ధతను మార్చి, పూయు క్రమమును మార్చి పెక్కు వర్ణభేదములను ముద్రించిరి. రేకులోని గాడి యొక్కటైనను మారలేదు. చిత్రము మాత్రము ప్రతిమాఱును మాఱినది. ఒకదానియందు విదూషకుడు వెలుగులో తేలును. మఱియొకదానియందు చీకటిలో మునుగును.

ఇపుడు గ్రంథపరిష్కర్త నడుగుదము: వీనిలో మూలమేది? కాగితముపై బడిన ఒక ముద్రను మూలమనినచో తక్కినవి దానికి నకళ్ళు కావు, భేదములు గలవు గనుక. రేకు మూలమందమా, రేకు చిత్రము గాదు; దానిలో రంగు లేదు, అందలి రూపము కుడియెడమలై యున్నది. తాళపత్రములయందు పాఠభేదము లేఖకుని పొరపాటువలన పుట్టును. పరిష్కర్త దానిని దాటి కవిపాఠమును వెదకును. ఇచట ప్రతి పాఠమును కవి పాఠమే. ఒకే రాగమును గాయకుడు పది మార్లు పాడినచో పదింటిలో నేది మూలమని ఎవ్వరు నడుగరు. రేకు రాగమువంటిది, ముద్ర ఆలాపనవంటిది. ‘అచ్చు గ్రుద్దినట్లు’ అను పలుకుబడి ఇచట తలక్రిందైనది. ఒకే అచ్చునుండి వెలువడినవి ఒకదానినొకటి పోలకుండుటయే ఈ కళకు ప్రాణము.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, ఇది కళ కన్న రసాయనశాస్త్రమునకు దగ్గఱయని. ఈ యాక్షేపణకు కొంత బలము కలదు. పద్ధతిని నేర్చినవారిలో కొందఱి ముద్రలయందు రంగుల మెఱుపు తప్ప మఱేమియు మిగులదు. చిత్రకవిత్వమునందు బంధముల నేర్పు మిగిలి రసము ఆవిరియగుటకు ఇది సమానము. కృష్ణారెడ్డిగారి కడపటి కృతులలో సైతము కేంద్రమునుండి వెలువడు రేఖాజాలము కొన్నిచోట్ల అలవాటుగా మాఱి, వస్తువు కోరకున్నను ప్రత్యక్షమగుచున్నది. కాని ఉత్తమకృతులను పద్ధతివలన గాక, పద్ధతికిని వస్తువునకును గల అనివార్య సంబంధమువలన తూచవలెను. ఆ త్రాసులో ‘సుడిగుండము’ నిలుచును.

రెండవ యాక్షేపణ ప్రశంసారూపమున వచ్చును. ఆయన వృత్తములలో మండలములను, కేంద్రములో బిందువును చూచి, ఇది భారతీయ తత్త్వమని ముద్ర వేయువారు కలరు. ఇట్టి పఠనము సులభము, అందువలననే అనుమానాస్పదము. సుడిగుండము వృత్తాకారమున తిరుగుటకు తంత్రశాస్త్రము కారణము కాదు. ఆయన భారతీయతను వెదకవలసినచో రేఖల ఆకారములో గాక, ప్రకృతిని పరిశీలించు తీరులో వెదకుట మేలు. ఆకును, కీటకమును, నీటిని దాని పెరుగుదల లోపలినుండి తెలిసికొనవలెనను శిక్షణ నందలాల్ బోసు శిష్యులందఱకును లభించినది. ఆ శిక్షణ పారిసులో యంత్రము చెంత కొనసాగినది. ఇంతవఱకు చెప్పుటకు చిత్రములే సాక్ష్యము.

తోడి ముద్రాచిత్రకారులతో పోల్చినచో ఈ విశేషము మఱింత స్పష్టపడును. తెలుగువారిలోనే మెదకు జిల్లా నిజాంపూరున 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడుగారి ఆమ్లముద్రలు ఇందుకు ఎదుటి కొసన నిలుచును. బరోడాలో అభ్యసించిన ఆయనకు రేఖ ప్రధానము. నలుపుతెలుపుల నడుమ ఛాయలు దానికి తోడు. మేకలు, చెట్లు, పల్లెటి స్త్రీపురుషులు, వారి నిర్మొహమాటమైన కామము – వీనిని వాడియైన గీత కథవలె చెప్పుకొని పోవును. లక్ష్మాగౌడు రేకుపై వ్రాయును; కృష్ణారెడ్డి రేకును తొలుచును. ఒకరిది కథకుని మార్గము, ఒకరిది శిల్పి మార్గము. ధర్మపురిలో 1944లో జన్మించిన దేవరాజ్ డాకోజీ శిలాముద్రలో మూడవ మార్గమును త్రొక్కిరి. వంగదేశపు సోమనాథ్ హోరు (1921–2006) 1970వ దశకమున ‘గాయములు’ అను వరుసలో సిరానే పరిత్యజించిరి. కాగితపు గుజ్జును అచ్చులో పోసి, తెల్లని కాగితముపై తెల్లని గాయమును మిగిల్చిరి. క్షామమును, హింసను చూచినవాని చేతిలో రేకుపై పడు గాటు, దేహముపై పడు గాటు ఒక్కటైనవి. కృష్ణారెడ్డి ‘ప్రదర్శకుల’లో కానరాని వ్యక్తి వేదన హోరు గాయములలో ఆకృతి లేకుండగనే కానవచ్చును. వీరిలో నెవ్వరికిని అచ్చు నకలు గాదు. ఒక్కొక్కరికిని అది వేఱొక ఆలోచనావిధానము.

1972లో భారతప్రభుత్వము పద్మశ్రీ నొసగినది. 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము హేటరు, కృష్ణారెడ్డి, జరీనా హాష్మీల కృషిని కలిపి ప్రదర్శించినది. 2018 ఆగస్టులో ఆయన న్యూయార్కులో కన్నుమూసిరి. ఇట్టి గౌరవములను చదివినప్పుడు ‘ఈయన మా జిల్లావాడు’ అని గర్వించుట మానవస్వభావము. కాని ప్రాంతమునకు కళాకారునిపై హక్కు జన్మస్థలము వలన సిద్ధింపదు. ఆయన కృతిని చదివి, దానిని గూర్చి తన భాషలో మాటాడగలిగినప్పుడే సిద్ధించును. పేరు తెలిసి పని తెలియని చోట గర్వము ఒట్టి నకలు. దానికి మూలము లేదు.

అట్లు మాటాడుటకు మొదట పరిభాష వలయును. పైన వాడిన ఉబ్బెత్తుముద్ర, నిమ్నముద్ర, శిలాముద్ర, జాలముద్ర అను మాటలు ఆ దిశలో నొక ప్రతిపాదనము. ముఖ్యముగా రెండు మాటలను వేఱుచేయవలెను. మూలము వేఱుగా నుండగా దానిని పోలునట్లు తీసినది ‘ప్రతి’. మూలము వేఱుగా లేక, ఫలకమునుండి తానే జన్మించినది ‘ముద్ర’. రవివర్మ పటము ప్రతి. నందలాల్ గాంధి, కృష్ణారెడ్డి విదూషకుడు ముద్రలు. చిత్రము క్రింద సీసపుకడ్డీతో 7/50 అని వ్రాసినచో అది ఏబదింటిలో ఏడవ నకలని గాక, ఏబది జన్మలలో ఏడవదని గ్రహింపవలెను. ఈ భేదమును పాటింపని విమర్శ రెండింటికిని అన్యాయము చేయును.

ఈ పని యొక్క భాషకే పరిమితము కానక్కఱలేదు. తెలుగు, తమిళము, కన్నడము కలియు కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. చేతిపనుల పదజాలమును మూడు భాషలలో సరిపోల్చుటకు అంతకన్న తగిన సీమ అరుదు. అద్దకమువాని దిమ్మ, కంచరి మూస, శాసనపరిశోధకుని కుంచె – ఈ పనులలో పుట్టిన మాటలను సేకరించినచో ముద్రాచిత్రమునకు వలయు పరిభాషలో చాల భాగము దేశీయముగానే లభించును. పుంగనూరు పొలములలోని వీరగల్లుపై తడికాగితము పఱచు పరిశోధక విద్యార్థి తాను చేయుచున్నది నకలు మాత్రమే యని యెంచరాదు. ఎత్తేది, పల్లమేది, సిరా యేది స్వీకరించును, ఏది తిరస్కరించును అని ఆతని చేయి తెలిసికొనుచున్న పాఠమే నందనూరు కృష్ణారెడ్డి పారిసులో జింకురేకుపై తెలిసికొన్న పాఠము. కావున ఆయన ముద్రలను చదువుటకు మన విద్యార్థి సంసిద్ధత లేనివాడు గాడు. ఆ చదువు ఇకనైన మన శాఖలలో ఆరంభము కావలెను.